పేరు మిగిలిన ప్రభుత్వము

మార్కాపురపు చెన్నకేశవస్వామి ఆలయములో సదాశివరాయల యేలుబడినాటి దానశాసన మొకటి కలదు. బడిపిల్లలను వెంటబెట్టుకొని యచటికి పోయినప్పుడెల్ల, “అప్పుడు రాజెవరు?” అని మే మడుగుదుము. “సదాశివరాయలు” అని వారు తడుముకొనక చెప్పుదురు. ఆ యుత్తరము శాసనమునుబట్టి సరియైనదే. చరిత్రనుబట్టి సగమే సరియైనది.

1542వ సంవత్సర ప్రాంతమున సదాశివరాయలను సింహాసన మెక్కించినవాడు శ్రీకృష్ణదేవరాయల యల్లుడగు అళియ రామరాయలు. సేనయు, కోశమును రామరాయల చేతిలో నుండెను. శాసనములందలి బిరుదావళి మాత్రము సదాశివరాయలది. 1567లో విజయనగరమునకు వచ్చిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు, ఆ రాజును నిర్బంధమున నుంచి యేటికొకమారు మాత్రము ప్రజలకు చూపుచుండిరని వ్రాసియున్నాడు. పేరొకరిది, పెత్తన మింకొకరిది. విజయనగరమున నిట్లు నష్టపోయినవా డొక్క రాజు. ప్రాచీన రోమునం దిదే యుపాయముచేత నొక ప్రజ యంతయు నష్టపోయెను. ఆ వృత్తాంతమును చదువరులు కొంచెము నిదానించి పరికింపవలయునని మా కోరిక.

రోమనులు క్రీ.పూ. 509లో తమ రాజును వెడలగొట్టిరని వారి ఐతిహ్యము. అటుపిమ్మట వా రేర్పరచుకొన్న కట్టుబాట్లలో ముఖ్యమైనవి యొక్కని చేతిలో నధికారము నిలువకుండుటకే. కాన్సలు లిద్దరు, వారి పదవి యొక్క యేడు, ఒకని యాజ్ఞను రెండవవాడు నిలుపవచ్చును. ఆపత్కాలమున నియమింపబడు నియంత సైత మారు మాసములకు మించి యుండరాదు. సామాన్యజనుల రక్షణకై యెన్నుకొనబడు ట్రిబ్యూనులు అధికారుల చర్యలను “కూడదు” అను నొక్క మాటతో నాపగలిగిరి. సెనేటను పెద్దల సభ యాలోచన చెప్పుచుండెను.

ఇట్టి గణరాజ్యమును సీజరు చంపెనని మా విద్యార్థులు పరీక్షలలో వ్రాయుదురు. క్రీ.పూ. 44 మార్చి 15న సీజరును పొడిచినవారును అట్లే తలచిరి. అతడొక్కడు పోయినచో పూర్వపు స్వాతంత్ర్యము తనంతట వచ్చునని నమ్మిరి. అది రాలేదు. ఏలన, రోగ మంతకుముందు నూరేండ్లనాటిది. దూరదేశములలో నేండ్ల తరబడి యుద్ధముచేసిన చిన్నరైతు తిరిగివచ్చునప్పటికి పొలము బీడుపడియుండెడిది; ధనికులు దానిని కలుపుకొని బానిసలచేత సేద్యము చేయించుచుండిరి. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అను ట్రిబ్యూను పేదలకు భూమి పంచు చట్టమును చేయింపగా, సెనేటరులు తమ పరివారముతో వచ్చి యతనిని కొట్టి చంపిరి. మాటలతో తీరవలసిన తగవు ఆనాడు కఱ్ఱలతో తీరెను. క్రీ.పూ. 107లో మేరియస్ భూమిలేని పేదలను సేనలో చేర్చుకొనెను. కొలువు ముగిసిన పిమ్మట వారికి భూమి దొరకుట సేనాపతి పలుకుబడిపై నాధారపడెను. కావున వారి భక్తియు నతనికే చెందెను. క్రీ.పూ. 88లో సల్లా తన సేనతో రోముపైకే నడచెను. 49లో సీజరు రూబికాన్ నదిని దాటునప్పటికి ఆ దారి క్రొత్తది కాదు.

క్రీ.పూ. 31లో ఆక్టియమ్ యుద్ధమున గెలిచిన సీజరు దత్తపుత్రుడు ఆక్టేవియను మిక్కిలి నేర్పరి. అతడు రాజను పేరు పెట్టుకొనలేదు. క్రీ.పూ. 27లో సెనేటునకు వచ్చి, రాజ్యమును మీకే తిరిగి యిచ్చుచున్నానని చెప్పెను. సెనేటు సంతోషించి అగస్టసను బిరుదమును, సేనలలో నధికభాగ ముండు రాష్ట్రములను అతనికే యొప్పగించెను. 23లో ట్రిబ్యూను పదవి లేకయే ట్రిబ్యూను నధికారమును బొందెను. సామాన్యులను కాపాడుటకు పుట్టిన ఆ “కూడదు” అను మాట యిట్లు ప్రభువు చేతిలో నాయుధమయ్యెను. సెనేటు కూడుచునే యుండెను. కాన్సలులను ఏటేట నెన్నుకొనుచునే యుండిరి. మారినదేమియు లేనట్లే తోచెను. అంతర్యుద్ధములతో విసిగిన ప్రజలు, శాంతి దొరకినది చాలునని యూరకుండిరి. వారి విసుగును మేము నిందింపజాలము. కాని క్రీ.శ. 14లో అగస్టసు చనిపోగానే, అధికారులనెన్ను హక్కు ప్రజలసభనుండి సెనేటునకు మార్పబడెను. అప్పటి కా హక్కు పేరునకు మాత్రమే మిగిలియుండుటచే పెద్ద కలత పుట్టలేదు.

విజయనగరమునను కథ యిట్లే ముగిసెను. 1565 యుద్ధమున రామరాయలు కూలగా, అతని తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను పెనుగొండకు గొనిపోయెను. కొన్నేండ్లకు తానే పట్టాభిషిక్తు డయ్యెను. ఖాళీయైన పేరును తొలగించుటకు శ్రమ యక్కరలేదు.

మన దేశము 1950 జనవరి 26న గణరాజ్యమైనది. దానిని కాపాడుట ఢిల్లీలోని వారి పని యని మన మనుకొనరాదు. పదిమంది సభ్యులుండియు నొక్కరు నిర్ణయింప, తక్కినవారు చదువకయే సంతకములు చేయు సంఘములను మన యూళ్లలోనే చూచుచున్నాము. అట్టి కాగితమును మేమును సంతకముచేసి యింటికి వచ్చిన దినములు కలవు. “పెద్దలు చూచుకొందురులే” అను మాట యక్కడ పుట్టును.

మార్కాపురపు పలకమీది వ్రాత చెరిగినచో పసివాడును గుర్తించును. రాతిమీది పేరు చెరుగదు. దాని వెనుకనుండవలసిన యధికారము చెరిగిపోవుట చదువుకొన్నవారికిని తెలియకపోవచ్చును. కావున ఈసారి మా పిల్లల నొక ప్రశ్న యెక్కువగా నడుగనున్నాము: “రాజెవరు?” అని కాదు, “కూడదు అనగలవా రెవరు?” అని.