లాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చుకునే రోజులు

2025 దీపావళికి బోధన్ వెళ్ళినప్పుడు మా అన్న కొడుకు తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "కాకా, గిది విండోస్ 11 తీస్కుంటలేదు. ప్రాసెసర్ పాతదంట. అదొక్కటి మారుస్తే అయిపోతది కదా?" అన్నాడు.

వాడి ప్రశ్నలో తప్పేం లేదు. ఓ పన్నెండేళ్ళు ఆలస్యంగా అడిగాడు, అంతే.

ఇప్పటి కుర్రాళ్ళు నమ్మకపోవచ్చు గానీ, లాప్‌టాప్ ప్రాసెసర్‌ని స్క్రూడ్రైవర్‌తో మార్చుకున్న తరం మనది. నా మొదటి లాప్‌టాప్ 2006లో కొన్నాను. అందులో ఉన్నది కోర్ డుయో టీ2300: 1.66 గిగాహెర్ట్జ్, 32 బిట్. 2009లో సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ కోర్ 2 డుయో టీ7200 కొని, బోధన్‌లో మా ఇంటి మంచం మీద కూర్చుని మార్చేశాను. ముందు బయోస్ అప్‌డేట్, తర్వాత బ్యాటరీ తీసెయ్యడం, హీట్ సింక్ మరలు విప్పడం. సాకెట్ పక్కనున్న చిన్న మరని సగం తిప్పితే చిప్ వదులై చేతికొస్తుంది. కొత్త చిప్ మూల మీదున్న త్రికోణం గుర్తు చూసి కూర్చోబెట్టి, మర బిగించి, బియ్యపు గింజంత థర్మల్ పేస్ట్ వేస్తే పనైపోయినట్టే.

మా నాన్న షక్కర్‌నగర్‌లో, అదే నిజాం షుగర్స్‌లో, ఫిట్టర్‌గా చేశారు. పక్కన నిలబడి అంతా చూసి, "ఓస్, గింతేనా? మేం ఆఫ్ సీజన్ల మిల్లు రోలర్ మార్చినట్టే ఉన్నది" అన్నారు. చెరుకు గానుగాడే సీజన్‌లో రోలర్ల మీది గాళ్ళు అరిగిపోతాయి. సీజన్ అయిపోగానే మిల్లు విప్పి, రోలర్లు తీసి, లేత్ మీద మళ్ళీ గాళ్ళు పెట్టి బిగిస్తారు. మిల్లు అదే, పని చేసే భాగం కొత్తది.

సరే, అసలు చరిత్రలోకి వద్దాం. 1997 ప్రాంతంలో ఇంటెల్ లాప్‌టాప్‌ల కోసం ప్రాసెసర్‌ని ఒక చిన్న బోర్డు మీద పెట్టి మాడ్యూల్‌లా అమ్మేది. 2003లో పెంటియమ్ ఎం వచ్చింది. 2006 జనవరిలో కోర్ డుయో, అదే ఏడాది జులైలో కోర్ 2 డుయో వచ్చాయి. రెండూ సాకెట్ ఎం లోనే కూర్చునేవి. నా అదృష్టం అక్కడే ఉంది. 2007లో సాకెట్ పీ వచ్చింది. దానికీ 478 కాళ్ళే, కానీ అమరిక వేరు. చూడ్డానికి ఒకటే అనుకుని పొరపాటున టీ7300 కొని నాలుక కరుచుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అప్పట్లో కూడా అంతా మన చేతిలో ఉండేది కాదు లెండి. నా ప్రాసెసర్ 64 బిట్ అయింది గానీ, 945 చిప్‌సెట్ మాత్రం 3 జీబీ పైచిలుకు మెమరీని మించి వాడుకోనివ్వలేదు. బయోస్‌కి తెలియని చిప్ పెడితే మెషిన్ లేచేదే కాదు.

2011లో శాండీ బ్రిడ్జ్, 2012లో ఐవీ బ్రిడ్జ్ ఒకే జీ2 సాకెట్‌లో సర్దుకున్నాయి. 2013లో హాస్వెల్ కోసం జీ3 వచ్చింది. లాప్‌టాప్‌లకి ఇంటెల్ ఇచ్చిన చివరి సాకెట్ అదే. తర్వాతి తరం బ్రాడ్‌వెల్ నుంచి అన్నీ బీజీఏలే, అంటే చిప్ కింద సన్నటి సీసపు గుండ్లలాంటివి పెట్టి మదర్‌బోర్డుకి అతికించేస్తారు. దాన్ని ఊడదీయాలంటే మంచం మీద కూర్చుంటే కుదరదు, దానికి వేరే మెషిన్ కావాలి.

దీన్ని కంపెనీల కుట్ర అని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేం. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాక అందరికీ సన్నటి లాప్‌టాపే కావాల్సొచ్చింది. సాకెట్‌కి ఎత్తు కావాలి, ఖర్చూ ఎక్కువే. పైగా నిజాయితీగా చెప్పాలంటే మనలో ప్రాసెసర్ మార్చినవాళ్ళు ఎంతమంది? హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే వేగం ముందు నా టీ7200 ఏ మూలకి?

కానీ మా వాడి లాప్‌టాప్ సంగతి చూడండి. అందులో ఉన్నది ఏడో తరం ఐ5. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, అన్నీ బాగానే ఉన్నాయి. 2021లో వచ్చిన విండోస్ 11, ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 మామూలు సపోర్ట్ ఆగిపోయింది. మెషిన్ అరగలేదు. ఎక్కడో ఒక జాబితాలో దాని పేరు లేదు, అంతే. సాకెట్ ఉంటే కనీసం ప్రయత్నించే దారైనా ఉండేదేమో. ఇప్పుడు లైనక్స్ వెయ్యడమే మిగిలింది. వేసిచ్చాను, వాడు బాగానే చదువుకుంటున్నాడు.

2021 నుంచి ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ వేరే దారి పట్టింది. ప్రాసెసర్ అతికించే ఉంటుంది, కానీ పాత డబ్బాలోనే కొత్త తరం మదర్‌బోర్డు బిగించుకోవచ్చు. అంటే సన్నగా ఉండటానికీ మార్చుకోవడానికీ పొత్తు కుదరదన్నది పూర్తి నిజం కాదన్నమాట.

ఈ సంగతంతా నాన్నకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. 1937లో నిజాం కాలంలో మొదలైన ఫ్యాక్టరీ అది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. "రోలర్లు మార్చుకునుడు మాకు వచ్చు బిడ్డా. నడపాల్నా వద్దా అన్నది మా చేతుల లేకుండె" అన్నారు.

మీ అటక మీద 2006-2013 మధ్య లాప్‌టాప్ ఏదైనా ఉంటే, పాత సామాన్ల వాడికి వెయ్యబోయే ముందు ఒకసారి విప్పి చూడండి. ఆ చిన్న మర ఇంకా తిరుగుతుంది.