మానేసిన మూడోరోజు

2020 మార్చి చివర్లో, లాక్‌డౌన్ పెట్టి వారం తిరక్కముందే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దగ్గర జనం పోగయ్యారు. వాళ్ళు కరోనా రోగులు కారు. కల్లు కాంపౌండ్లూ వైన్ షాపులూ మూతపడి, ఉన్నట్టుండి తాగుడు ఆగిపోయినవాళ్ళు. చేతులు వణుకుతున్నాయి, కంటిమీద కునుకు లేదు, కొందరికి ఫిట్స్, కొందరికి లేని మనుషులు కనబడుతున్నారు. తాగి చెడినవాళ్ళను ప్రతి ఊరూ చూసింది. తాగుడు ఆపితే ప్రాణం మీదికి వస్తుందంటే మాత్రం ఇప్పటికీ ఇంట్లోవాళ్ళు నమ్మరు, మళ్ళీ తాగడానికి వేస్తున్న వేషాలనుకుంటారు. వాళ్ళను తప్పు పట్టలేం. డాక్టర్లే ఈ సంగతి తేల్చుకోవడానికి దాదాపు నూటయాభై ఏళ్ళు తీసుకున్నారు.

మన పాత వైద్యం దీని అంచుదాకా వెళ్ళింది. చరక సంహితలో మదాత్యయం మీద ఒక అధ్యాయమే ఉంది. తాగుడు మానేసి, మళ్ళీ ఒక్కసారిగా అతిగా తాగినవాడికి వచ్చే జబ్బులకు అక్కడ ధ్వంసకం, విక్షయం అని పేర్లున్నాయి. చెడ్డ అలవాటును పాదం పాదంగా, అంటే పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ రావాలన్న సూత్రం మరోచోట ఉంది. నేటి డీటాక్స్ (మత్తు విడిపించే) వార్డులో మందుల మోతాదును రోజురోజుకీ దించే పద్ధతికి ఇది దూరపు చుట్టమే.

ఆధునిక కథ 1813లో మొదలవుతుంది. థామస్ సటన్ అనే ఇంగ్లీషు వైద్యుడు తాగుబోతుల్లో వచ్చే వణుకూ సంధిప్రేలాపనా కలిసిన జబ్బుకు డెలీరియమ్ ట్రెమెన్స్ అని పేరు పెట్టాడు. అప్పట్లో ఏ జబ్బుకైనా రక్తం తీయడమే వైద్యం. రక్తం తీసిన రోగులు క్షీణిస్తున్నారనీ, నల్లమందు ఇచ్చి నిద్రపుచ్చితే తేరుకుంటున్నారనీ ఆయన గమనించాడు. మందు ఇచ్చి మెదడును చల్లబరిస్తే మనిషి దక్కుతాడన్న కీలకం అప్పుడే దొరికిందన్నమాట. కారణం మాత్రం దొరకలేదు. తాగడం వల్లా, మానడం వల్లా, తిండి లేక విటమిన్లు తగ్గడం వల్లా? 1950ల దాకా ఈ వాదన నడుస్తూనే ఉంది.

ఈలోగా రకరకాల వైద్యాలు వచ్చిపోయాయి. న్యూయార్కులో చార్లెస్ టౌన్స్ అనే ఆయన, డాక్టరు కాకపోయినా, ఏకంగా ఆసుపత్రే పెట్టాడు. అక్కడి మందులో ముఖ్యమైనది బెల్లడోనా, మన ఉమ్మెత్త కుటుంబపు మొక్క. 1934 డిసెంబరులో అక్కడ చేరిన బిల్ విల్సన్‌కు గదంతా తెల్లటి వెలుగు నిండినట్టు అనిపించిందట. ఆ వెలుగులో దేవుడి వాటా ఎంతో, బెల్లడోనా వాటా ఎంతో ఎవరూ తేల్చలేరు. ఆయన మళ్ళీ తాగలేదు. మరుసటి ఏడాది డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టాడు.

వాదన తెగింది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో. మత్తుమందులకు అలవాటుపడ్డ ఖైదీల కోసం 1935లో అక్కడ ప్రభుత్వం ఒక పెద్ద ఆసుపత్రి తెరిచింది. సగం జైలు, సగం వైద్యశాల. హారిస్ ఐస్‌బెల్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ అక్కడి ఖైదీల్లో ఒకప్పుడు మార్ఫిన్‌కు అలవాటుపడిన పదిమందిని ఎంచుకున్నారు. మంచి తిండి, విటమిన్లు ఇస్తూనే రాత్రింబవళ్ళు సారా పట్టించారు. ఆరుగురికి 48 నుంచి 87 రోజుల దాకా అలా పోసి, హఠాత్తుగా ఆపేశారు. కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరు పూర్తి సంధిలోకి జారారు. తిండి లోటు లేకపోయినా ఇలా జరిగింది కాబట్టి తప్పంతా హఠాత్తుగా ఆపడంలోనే ఉందని 1955లో ప్రకటించారు. బందీగా ఉన్న మనిషి ఒప్పుకోలుకు విలువెంతో వేరే చెప్పక్కర్లేదు. నేడు ఏ ఎథిక్స్ కమిటీ దీన్ని గడప దాటనివ్వదు. అయినా ఇవాళ ప్రతి డీటాక్స్ వార్డూ నిలబడింది ఆ ఖైదీలు పడ్డ బాధ మీదే.

మెదడులో జరిగేది ఇది. తలుపును అవతలివాడు నెడుతుంటే ఇవతలివాడు భుజం ఆనించి కాచుకుంటాడు. అవతలివాడు చటుక్కున తప్పుకుంటే ఇవతలివాడు బోర్లా పడతాడు. సారా రోజూ మెదడును అణచిపెడుతుంటే, మెదడు తన ఉద్రేకాన్ని అంతకంతా పెంచుకుని ఎదురు నిలుస్తుంది. సారా ఆగిపోగానే ఆ ఉద్రేకానికి అడ్డు లేదు. కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. సంధి సాధారణంగా మూడోరోజు ప్రాంతంలో దిగుతుంది. చికిత్స లేని కాలంలో సంధి పట్టినవాళ్ళలో మూడోవంతు దాకా పోయేవాళ్ళు.

సారా వదిలేసిన అణచివేతను కొన్నాళ్ళు మందు మోయాలి, తర్వాత మెల్లగా దించేయాలి. ఆ మందు దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. న్యూజెర్సీలోని రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ పనికిరావని పక్కన పెట్టిన రసాయనాల్లో ఒకటి, 1957లో బల్లలు సర్దుతుండగా బయటపడింది. పరీక్షకు పంపితే అదే క్లోర్‌డయాజెపాక్సైడ్ అయింది. 1960లో లిబ్రియమ్ పేరుతో అమ్మకానికి వచ్చింది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 537 మంది మీద దీన్ని ఇతర మందులతో పోల్చి చూసిన ఫలితాలు 1969లో వెలువడ్డాయి. సంధినీ ఫిట్స్‌నూ ఆపడంలో ఇదే మేలని తేలింది. 1989లో టొరంటో పరిశోధకులు లక్షణాల స్కోరు కార్డును పది అంశాలకు కుదించి స్థిరపరిచారు. వణుకు, చెమట, కంగారు, లేనివి కనబడటం లాంటివాటికి నర్సు అంకెలు వేస్తుంది, ఆ మొత్తాన్ని బట్టి మోతాదు. దీనికి తోడు థయమిన్ సూదిమందు. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే జ్ఞాపకశక్తికే ముప్పు రావచ్చు.

నల్లమందు, హెరాయిన్ల దారి వేరు. 1870ల్లో బెర్లిన్‌లో లెవిన్‌స్టైన్ మార్ఫిన్ రోగుల్ని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించాడు. 1884లో యువ ఫ్రాయిడ్ మార్ఫిన్‌కు విరుగుడుగా కొకైన్‌ను మెచ్చుకున్నాడు. ఆ సలహా పాటించిన అతని స్నేహితుడు రెండింటికీ బానిసయ్యాడు. తర్వాత మెథడోన్, బీపీ మందైన క్లోనిడిన్, బ్యూప్రెనార్ఫిన్ వచ్చాయి. నల్లమందు మానడం నరకమే అయినా, ప్రాణం తీసేది చాలా అరుదు. సారా విషయంలో ఆ ధీమా పనికిరాదు.

మళ్ళీ తెలంగాణ కల్లు దగ్గరికి వస్తే ఒక మెలిక ఉంది. చాలాచోట్ల కల్లులో ఆల్‌ప్రజోలం, డయాజెపామ్ కలుపుతారు. ఇవి స్టెర్న్‌బాక్ మందుకు సొంత కుటుంబమే. అందుకే కల్తీ కల్లు ఆగినప్పుడు వచ్చేది ఉత్త సారా లేమి కాదు, నిద్రమాత్రల లేమి కూడా. అది ఇంకా మొండిది, మరింత నెమ్మదిగా దించాలి.

డీటాక్స్‌తో తాగుడు జబ్బు నయమైపోదు. ఒంటిని నిలబెట్టే వారం పది రోజుల పని అది. అసలు చికిత్స ఆ తర్వాతే మొదలవుతుంది. మీ ఇంట్లో రోజూ తాగేవారు మాల వేసుకునో, ఒట్టు పెట్టుకునో మానదలచుకుంటే సంతోషించండి. కానీ పొద్దున్నే చేతులు వణికే మనిషైతే, ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే, ఇంట్లో గదిలో పెట్టి గొళ్ళెం వేయకండి. గోడల మీద ప్రకటనల్లో కనిపించే పొడి మందులు కూరలో కలపకండి. ముందు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు.