గుజరాత్ బోట్ల మీద ఆంధ్రా మత్స్యకారులు: పదిహేను రోజుల వేటకు ఏం ఎక్కిస్తారు, ఆ లెక్క సరిహద్దు దాకా ఎలా తీసుకెళ్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి ఏటా పెద్ద సంఖ్యలో మత్స్యకారులు రైలెక్కి గుజరాత్ వెళ్తారు. వెరావల్, పోర్‌బందర్, ఓఖా రేవుల్లో మర బోట్ల మీద పనిచేసి, వేసవి చివర్లో వేట నిషేధం మొదలయ్యేసరికి ఇంటికి చేరుకుంటారు. వీళ్ల గురించి వార్త వచ్చేది ఎక్కువగా పాకిస్తాన్ పట్టుకున్నప్పుడే. 2018 నవంబర్‌లో అలా పట్టుబడి కరాచీ జైల్లో ఉన్న 20 మంది ఆంధ్రా మత్స్యకారులు 2020 జనవరి 6న వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. ఆ ఘటనల ఆధారంగానే 2025లో 'తండేల్' సినిమా వచ్చింది.

జైలు కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. అంతకు ముందు రేవులో బోటుకు సరుకు ఎక్కించేటప్పుడు వేసే లెక్క గురించి మాట్లాడుకునేది తక్కువ. బియ్యం, నీళ్లు, ఐసు, డీజిల్ ఎంత అన్న దాని మీదే బోటు ఎంత దూరం వెళ్తుంది, ఎన్నాళ్లుంటుంది, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. సరిహద్దు గీత దాటడం వెనుక కూడా ఈ లెక్క ఉంది.

అంత దూరం ఎందుకు వెళ్తారు?

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కానీ పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేదు. బుడగట్లపాలెం హార్బర్ ఏళ్ల తరబడి మాటల్లో, ఆ తర్వాత పనుల్లో ఉంది. అలల మీదుగా ఒడ్డుకు లాగే చిన్న పడవతో పది పదిహేను రోజుల వేట సాధ్యం కాదు. అందుకే సొంత సముద్రం ఇంటి ముందే ఉన్నా, జీతం కోసం దేశానికి అవతలి తీరానికి వెళ్తున్నారు. చాలామంది సీజన్‌కు ముందే అడ్వాన్స్ తీసుకుంటారు. తీసుకున్నాక సీజన్ మధ్యలో వచ్చేయడం తేలిక కాదు.

బోటు మీద సాధారణంగా ఏడుగురి నుంచి తొమ్మిది మంది దాకా ఉంటారు. బోటును నడిపించే పెద్ద తండేలు. వల లాగి, చేపలు వేరుచేసి, ఐసులో సర్దేవాళ్లు కళాసీలు. వంట చేసేవాణ్ని అక్కడ బండారి అంటారు. తరచుగా కళాసీల్లో చిన్నవాడే ఆ పని చేస్తాడు. సరుకుల డబ్బు బోటు యజమాని పెడతాడు. వాటా పద్ధతి ఉన్నచోట అమ్మకం డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు, రేషన్ ఖర్చు తీసేసి మిగిలింది పంచుతారు. ఖాళీగా తిరిగొస్తే ఆ ఖర్చు ఎవరో ఒకరు మోయాల్సిందే.

వంటసరుకు లెక్క

ఎనిమిది మంది, పదిహేను రోజుల ట్రిప్ అనుకుందాం. ఇంజిన్ చెడిపోవచ్చు, తుపాను హెచ్చరిక వచ్చి ఏదో ఒక రేవులో ఆగాల్సి రావచ్చు. కనీసం ఐదు రోజులు అదనంగా కలపాలి. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి రోజుకు 600 గ్రాముల బియ్యం వేసుకుంటే ఇరవై రోజులకు 96 కిలోలు, అంటే దాదాపు నాలుగు పాతిక కిలోల బస్తాలు. పప్పు మనిషికి 60 గ్రాముల చొప్పున పది కిలోల దాకా కావాలి. వీటితో పాటు నూనె, చింతపండు, కారం, ఉప్పు, పంచదార, టీ పొడి, పాలపొడి ఎక్కిస్తారు. కూరకు చేప వలలోనే ఉంటుంది. ఖరీదైన చందువలను, పెద్ద రొయ్యలను అమ్మకానికి పక్కనపెట్టి, చిన్నవీ నలిగినవీ గిన్నెలో వేస్తారు.

కూరగాయలు ముందుగా పాడయ్యేవి ముందు, నిలవుండేవి తర్వాత వాడాలి. టమాటా, వంకాయ మొదటి మూడు నాలుగు రోజులకే. ఆ తర్వాత క్యాబేజీ, గుమ్మడి, దుంపలు, ఉల్లిపాయలు. రెండో వారానికి మిగిలేది పచ్చడి, ఉల్లి, అన్నం, చేప.

ఇక్కడ ఆరోగ్యానికి సంబంధించిన విషయం ఒకటుంది. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో విటమిన్ బి1 దాదాపు ఉండదు. మన శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు, ముదిరితే గుండె దెబ్బతినడం. దాన్నే బెరిబెరి అంటారు. ఆగ్నేయాసియాలో నెలల తరబడి సముద్రంలో ఉండే చేపల బోట్లలో ఈ జబ్బు ఈ శతాబ్దంలో కూడా బయటపడింది. గుజరాత్ ట్రిప్ అంత పొడవైనది కాదు. కానీ ఒడ్డున రెండు మూడు రోజులుండి మళ్లీ ఎక్కేవాళ్లకు తిండి సీజనంతా అదే. సగం బియ్యం ఉప్పుడు బియ్యమైనా, పప్పూ శనగలూ కాస్త ఎక్కువైనా చాలు. దీనికయ్యే అదనపు ఖర్చు డీజిల్ బిల్లు ముందు లెక్కలోకి రాదు.

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు వేసుకున్నా ఇరవై రోజులకు 800 లీటర్లు. స్నానం, గిన్నెలు ఉప్పునీటితోనే. నీళ్లన్నీ ఒకే ట్యాంకులో ఉంటే అది పగిలినా, ఉప్పునీరు కలిసినా ట్రిప్ అక్కడితో ఆగిపోతుంది. కొంత విడిగా డ్రమ్ముల్లో ఉండాలి. ఐసు కరిగిన నీరు తాగడానికి పనికిరాదు. అందులో చేపల రక్తం, జిగురు కలిసిపోయి ఉంటాయి.

అసలు గడియారం ఐసు

బియ్యం అయిపోతే పక్క బోటును అడగొచ్చు. ఐసును ఎవరూ అప్పివ్వరు. 30 డిగ్రీల వేడిలో ఉన్న పది కిలోల చేపను సున్నా డిగ్రీలకు దించడానికి దాదాపు 3.4 కిలోల ఐసు చాలు. కానీ గోడల్లోంచి, మూత తీసినప్పుడల్లా లోపలికొచ్చే వేడికి కరిగేది అంతకంటే ఎక్కువ. అందుకే మనలాంటి వేడి ప్రాంతాల్లో కిలో చేపకు కిలో ఐసు అన్నది వాడుకలో ఉన్న లెక్క.

ఎనిమిది టన్నుల ఐసుతో బయలుదేరిన బోటు అనుకుందాం. రోజుకు మూడు శాతం చొప్పున కరిగినా పదిహేనో రోజుకు దాదాపు మూడు టన్నులు నీళ్లైపోతుంది. మొదటి వారంలో చేప పడకపోతే నష్టం రెండు వైపులా: సరుకూ లేదు, తర్వాత పడబోయే సరుకుకు ఐసూ లేదు. పాత చేప మెత్తబడి ధర పడిపోతుంది.

డీజిల్ ఎంత మిగులుతుంది?

వెరావల్ నుంచి కచ్ ముందున్న సరిహద్దు సముద్రం దాదాపు 190 నాటికల్ మైళ్లు. ఏడు నాట్ల వేగంతో 27 గంటలు. ఇంజిన్ గంటకు 15 లీటర్లు తాగుతుందనుకుంటే పోవడానికి 400, రావడానికి 400 లీటర్లు. మూడు వేల లీటర్లతో బయలుదేరితే మిగిలేది 2,200. రోజుకు 12 గంటలు వల లాగితే 12 రోజులకు వస్తుంది.

సముద్రంలో తిరిగేవాళ్లకు ఒక పాత సూత్రం ఉంది: ఇంధనంలో మూడో వంతు ముట్టుకోకూడదు. దాన్ని పాటిస్తే వెయ్యి లీటర్లు పక్కన పెట్టాలి. అప్పుడు వేట ఆరున్నర రోజులే. పన్నెండు రోజులకూ ఆరున్నర రోజులకూ మధ్య తేడా యజమానికి లాభనష్టాల తేడా. కాబట్టి భద్రత కోసం ఉంచాల్సిన డీజిల్ చాలాసార్లు వేటకే పోతుంది. ఆ మిగులు లేని బోటుకు ఇంజిన్ ఇబ్బంది వచ్చినా, పాటు బలంగా లాగినా తిరిగి రావడానికి వెసులుబాటు ఉండదు. కచ్ ముందు ఆటుపోట్లు మన తూర్పు తీరంలో కంటే చాలా బలమైనవి.

ఇప్పుడు పదో రోజు తండేలు పరిస్థితి చూడండి. గది సగం ఖాళీ. ఐసు తరుగుతోంది. డీజిల్ సగానికి పైగా అయిపోయింది. ఒడ్డు దగ్గర చేప తగ్గిపోయి చాలా ఏళ్లయింది. ఉత్తరాన సింధు నది డెల్టా, మడ అడవులు, సర్ క్రీక్ వాగుల నోళ్లు. చేపలు పిల్లలు పెట్టి పెరిగే సముద్రం అది. తెలియక దాటామన్న మాట కొన్నిసార్లు నిజం. జీపీఎస్ ఉన్న బోట్ల విషయంలో ఎప్పుడూ నిజం కాకపోవచ్చు. నా అంచనాలో చాలాసార్లు దాటించేది దురాశ కంటే, రేవు వదిలిన రోజు మొదలైన ఈ ఐసు, డీజిల్ గడువే.

గీత ఎక్కడుంది?

సర్ క్రీక్ 96 కిలోమీటర్ల వాగు. దాని హద్దు మీద వివాదం తేలకపోవడంతో, అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్లే సరిహద్దుపై కూడా భారత్, పాకిస్తాన్ మధ్య ఒప్పందం లేదు. అయినా రెండు దేశాల గస్తీ దళాలు ఒక గీత ఉన్నట్టే పనిచేస్తాయి. కరాచీ, సింధ్ తీరాల మత్స్యకారులు ఇటువైపు వచ్చి పట్టుబడేదీ ఇలాగే.

సముద్ర చట్టాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధనలు ఉల్లంఘించిన విదేశీయులకు, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. తగిన పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషులనూ త్వరగా వదిలేయాలి. రెండు దేశాలూ ఈ ఒప్పందాన్ని ఆమోదించాయి. ఆచరణలో జైలు తప్పడం లేదు. శిక్ష పూర్తయినా ఫలానా మనిషి ఫలానా దేశం వాడేనని తేలేదాకా లోపలే ఉండాలి. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలు ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 జులై జాబితాలో పాకిస్తాన్ దగ్గర 193 మంది భారతీయ మత్స్యకారులు, మన దగ్గర 81 మంది పాక్ మత్స్యకారులు ఉన్నారు. మనుషులు తిరిగొచ్చినా బోట్లు రావడం అరుదు. అక్కడ నిలిచిపోయిన గుజరాత్ బోట్లు వెయ్యికి పైనే.

రామేశ్వరం లెక్క వేరు

తమిళనాడు తీరంలో శ్రీలంకతో ఉన్న సమస్యను ఇదే గాటన కట్టలేం. అక్కడ 1974, 1976 ఒప్పందాలతో గీత స్పష్టంగా ఉంది. దూరం కూడా తక్కువ. సాయంత్రంలోగా బయలుదేరి మర్నాటికి వచ్చేస్తారు. ఒక పూట అన్నం, కొన్ని క్యాన్ల నీళ్లు, కాస్త ఐసు సరిపోతాయి. అక్కడ దాటించేది సరుకుల గడువు కాదు, మన వైపు చేప లేకపోవడమూ ట్రాలర్ వలల అలవాటూ. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది. ఉత్తర శ్రీలంకలో తమిళ మత్స్యకారులే మన ట్రాలర్ల వల్ల నష్టపోతున్నారు కాబట్టి ఆ గొడవలో బాధితులు రెండు వైపులా ఉన్నారు.

జాబితాలో ఉండాల్సిన మిగతావి

గుజరాత్‌లో ప్రతి ట్రిప్‌కూ ముందు టోకెన్ తీసుకోవాలి. అందులో మనుషుల పేర్లుంటాయి. అసలు ఆధార్ కార్డు, బోటు రిజిస్ట్రేషన్, లైసెన్స్ తడవని సంచిలో ఉండాలి. శ్రీకాకుళం మనిషి గుజరాత్ బోటు మీద పట్టుబడితే కాగితాలు రెండు రాష్ట్రాల మీదుగా ఢిల్లీ చేరాలి. అందుకే బయలుదేరే రోజే బోటు నంబరు, టోకెన్, తోటివాళ్ల పేర్ల ఫొటో వాట్సాప్‌లో ఇంటికి పంపడం పైసా ఖర్చు లేని జాగ్రత్త. ఏ బోటు మీద ఉన్నాడో ఇంట్లో తెలియకపోతే అర్జీ రాయడానికే రోజులు పడుతుంది.

ఒడ్డు నుంచి కొంత దూరం వెళ్లాక మొబైల్ సిగ్నల్ ఉండదు. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ మన దేశంలో నేరం. మిగిలేది వీహెచ్ఎఫ్ రేడియో, ఆపద సంకేతం పంపే పరికరం. లక్ష బోట్లకు ఇస్రో ట్రాన్స్‌పాండర్లు అమర్చే కార్యక్రమం 2024 ఆగస్టులో మొదలైంది. సరిహద్దు దగ్గరపడితే అది హెచ్చరిస్తుంది. సిగ్నల్ అందే దూరంలో ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554, తీర భద్రతా పోలీసుల నంబరు 1093. మందుల పెట్టెలో ఓఆర్ఎస్, జ్వరం మాత్రలు, చేప ముల్లు గుచ్చుకున్న గాయాలకు యాంటీసెప్టిక్, కాలిన గాయాలకు మందు తప్పనిసరి.

హెచ్చరిక మోగినప్పుడు వెనక్కి రావడానికి మాత్రం డీజిల్ ఉండాలి. మూడో వంతు రిజర్వు ఉంచమని ఏ కళాసీ అడగలేడు, చాలామంది తండేళ్లూ అడగలేరు. ఆ ఖర్చు నిర్ణయించేది యజమాని. టోకెన్ ఇచ్చేటప్పుడే డీజిల్, నీళ్లు, రేషన్ ఎన్ని రోజులకు సరిపోతాయో చూసి నమోదు చేయడం మత్స్యశాఖకు అసాధ్యమైన పనేమీ కాదు. మనుషుల పేర్లు ఎలాగూ రాసుకుంటున్నారు.