డెక్కలు పోయిన తేలు

మా బంధువులలో ఒక అమ్మాయి మూలా నక్షత్రంలో పుట్టింది. మూల మామగారికి కీడన్న మాట పట్టుకుని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఆ వేసవిలో ఒక రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నప్పుడు, "బాబాయ్, ఇంతకీ ఆ మూలని నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగింది. పంచాంగంలో చూడడమే తప్ప ఆకాశంలో చూసిన పాపాన పోలేదు. ఈ వ్యాసానికి మూలం (శ్లేషను మన్నించాలి) ఆ ప్రశ్నే.

మూలను పట్టుకోవాలంటే ముందు వృశ్చికాన్ని పట్టుకోవాలి. పన్నెండు రాశులలో పేరుకు తగిన రూపం ఇంత స్పష్టంగా ఉన్నది మరొకటి లేదని నా అభిప్రాయం. మేషంలో పొట్టేలును చూడడానికి చాలా ఊహాశక్తి కావాలి, తేలుకు అక్కరలేదు. మే నెల మధ్యలో రాత్రి పది గంటలకు ఆగ్నేయ దిక్కున చూడండి. జూన్ నెలాఖరుకు అదే వేళకు సరిగ్గా దక్షిణాన, మన ప్రాంతంలో నడినెత్తికీ దిగంతానికీ దాదాపు సగం ఎత్తులో ఉంటుంది. అప్పటికి మబ్బులు అడ్డు రాకపోతే! ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. గ్రీకులు దీనిని అంటారెస్ అన్నారు, అంటే అంగారకుడికి పోటీ అని. తైత్తిరీయ సంహితలో దీనికి రోహిణి అన్న పేరు ఉంది. అదీ ఎరుపును సూచించేదే. జ్యేష్ఠకు పడమరగా నిలువు వరుసలో ఉన్న మూడు చుక్కలు అనూరాధ. తూర్పున కిందికి దిగి, వంపు తిరిగి పైకి లేచే తోక చివర పక్కపక్కనే రెండు చుక్కలుంటాయి. అదే కొండి. అథర్వవేదం ఆ జంటను విచృతులంది. అవే మన మూల.

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. విశాఖ నాలుగో పాదం, అనూరాధ, జ్యేష్ఠ కలిస్తే వృశ్చికం. మూల నాలుగు పాదాలూ ధనుస్సు. మరి తేలు కొండి ధనుస్సులోకి ఎలా పోయింది?

ఎందుకంటే మనవి రెండు వేర్వేరు లెక్కలు. నక్షత్రాలు వేదకాలం నుంచీ మనవే. వేదాంగ జ్యోతిషంలో నక్షత్రాలున్నాయి గాని ఈ మేషాది రాశులు లేవు. రాశిచక్రాన్ని ముప్ఫై డిగ్రీల చొప్పున పన్నెండు సమభాగాలుగా కోసినవారు బాబిలోనియనులు, క్రీ.పూ. 5వ శతాబ్దిలో. వారి నుంచి గ్రీకులకు, గ్రీకుల నుంచి మనకు వచ్చింది. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు గ్రీకు పేర్లనూ దాచకుండా చెప్పాడు. వృశ్చికానికి ఆయన ఇచ్చిన కౌర్ప్య అన్న మాట గ్రీకు స్కార్పియోస్ రూపాంతరమే. సమభాగాలుగా కోసినప్పుడు కత్తి బొమ్మను చూసి ఆగదు కదా! తోక మీదుగా గీత పడింది. కొండి గీతకు అవతల పడింది.

ముందువైపు కథ మరీ విచిత్రం. బాబిలోనియనులకు తుల అప్పటికే ఉంది. గ్రీకులు మాత్రం ఆ చుక్కలను తేలు డెక్కలుగానే చూశారు. 2వ శతాబ్దిలో టాలమీ పట్టికలో కూడా అవి డెక్కలే. తులలోని రెండు ప్రధాన నక్షత్రాలకు నేటికీ వాడుకలో ఉన్న అరబ్బీ పేర్లు జుబెనెల్‌జెనుబి, జుబెనెష్షమాలి. మొదటిది దక్షిణపు డెక్క, రెండోది ఉత్తరపు డెక్క. అలా డెక్కలు త్రాసుకు, కొండి ధనుస్సుకు పోయాయి. పంచాంగపు తేలుకు మిగిలింది తలా, నడుమూ, కాస్త తోకా.

ఆ రాత్రి పన్నెండు దాటాక గాని కొండి పొరుగింటి కొబ్బరిచెట్టును దాటి బయటికి రాలేదు. ఆ రెండు చుక్కలనూ వేలు పెట్టి చూపించాను. అమ్మాయి చాలాసేపు చూసింది. నేను చెప్పిన బాబిలోను, గ్రీకు కథలన్నీ ఓపికగా విన్నది కూడా.

"అయితే బాబాయ్, నాది ధనుస్సా, వృశ్చికమా?"

"పంచాంగం ప్రకారం ధనుస్సు. కంటికి కనిపించేది మాత్రం తేలు కొండి."

"ఆ రెండోది పెళ్ళివారితో అనకు," అని దుప్పటి ముసుగు పెట్టుకుంది.