ఖరారుకూ తకరారుకూ నడుమ

తాండూరు యార్డులో కంది కుప్ప ముందు నిలబడ్డ రైతుకు రెండు మాటలతో పని. ధర కుదిరితే ఖరారు, కుదిరాక పేచీ పుడితే తకరారు. రెండూ ఉర్దూ దారిన వచ్చి మనలో కలిసిపోయినవే. కౌలు సంగతి ఇంకా చిత్రం. అరబ్బీలో ఆ మాటకు అర్థం ‘ఇచ్చిన మాట’ అని. మన దగ్గర అది పొలానికి అంటుకుంది. కుల్కచర్ల నుంచి తాండూరు దాకా బేరాల భాషంతా ఇట్లాంటిదే: బయానా, జమానతు, బాకీ, వసూలు, ఫైసలా. ప్రభువులు మారినప్పుడల్లా తగువు తీర్చే గద్దె మారింది. మాటలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

ఉర్దూ కంటే వెనక్కి పోవాలంటే తాండూరులో వాడి జంక్షన్ వైపు రైలెక్కాలి. సేడం దాటితే మళ్ఖేడ్ రోడ్డు స్టేషను. రాష్ట్రకూటుల మాన్యఖేటం అదే. ఇంకా ఉత్తరాన చాళుక్యుల కల్యాణి. ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసింది అక్కడే. దాని పేరు ఇప్పుడు అన్నదమ్ముల వాటాల దగ్గరే వినిపిస్తుంది కానీ, నాకు అసలు రుచి వ్యవహారకాండలో కనిపిస్తుంది. అప్పు, కుదువ, జామీను, కూలి, కొన్నాక మనసు మారడం, అన్నీ అందులో ఉన్నాయి. సరుకు పరీక్షించుకోవడానికి గడువులు కూడా పెట్టారు: విత్తనాలకు 10 రోజులు, ఇనుముకు ఒక రోజు, దున్నే పశువుకు 5, పాడి పశువుకు 3. విత్తనం మొలిచిందో లేదో తేలడానికి పది రోజులు చాలు. ఈ లెక్క వేసినవాడెవడో పొలం గట్టు ఎరిగినవాడే! కుదువ పెట్టిన అప్పుకు నెలకు ఎనభయ్యో వంతు వడ్డీ, అంటే నూటికి రూపాయి పావలా. ఊళ్లల్లో నూటికి రెండూ మూడూ రూపాయలు లాగే వడ్డీ వ్యాపారులు ఒకసారి చదవవలసిన పుస్తకం.

తగువు ఎవరు తీర్చాలన్నదానికీ అందులో మెట్లున్నాయి. కింద కులం, అంటే బంధువర్గం, దానిపైన ఒకే వృత్తివారి శ్రేణి, ఆపైన ఊరి సభ, అన్నిటికీ పైన రాజు పెట్టిన అధికారి. పదమూడో శతాబ్దంలో కేతన ఈ శాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి దించాడు. అదే శతాబ్దంలో, 1244 ప్రాంతంలో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు జప్తు చేసుకునే పాత అలవాటును మాన్పించి, సుంకం తప్ప మిగతాది వర్తకుడిదే అన్నాడు.

నిజాం కాలంలో పల్లెల్లో తగువంటే గడి. అక్కడ మాట చెప్పే దొరే చాలాసార్లు అప్పిచ్చినవాడు కూడా. పాత పంచాయితీలను తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. రచ్చబండ మీద ఇద్దరినీ ఎరిగిన పెద్దమనిషి ఉంటాడన్నది నిజమే. అతను ఎవరి వాకిట్లో ఎక్కువసార్లు కూర్చుంటాడన్నది కూడా చూడాలి కదా.

1874లో వాడి, సికింద్రాబాద్ మధ్య రైలు పడ్డాక సరుకు, డబ్బు ముఖాలు చూసుకోకుండానే చేతులు మారడం మొదలైంది. కుల్కచర్లకు రైలు రాలేదు. అక్కడి గింజలు ఎడ్లబండి ఎక్కి పోవలసిందే. బజారులో బేరం తువ్వాల కింద సాగేది. దళారీ, ఖరీదుదారు గుడ్డ కింద వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్లిద్దరికే ఎరుక. సరుకు తెచ్చినవాడు వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడాలి. 1339 ఫసలీలో, అంటే 1930లో, వచ్చిన హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టంతో మార్కెట్‌కు కమిటీ, వ్యాపారికి లైసెన్సు వచ్చాయి. 1966 చట్టం దాని చోటు తీసుకుంది. తువ్వాల పోయి బహిరంగ వేలం వచ్చింది. పేచీ మాత్రం ధర దగ్గర నుంచి తరుగు దగ్గరికి, తేమ దగ్గరికి, కాంటా దగ్గరికి జరిగింది.

బ్రిటిష్ ఇండియాలో 1872 నుంచీ ఉన్న కాంట్రాక్టు చట్టం ఇక్కడికి రావడానికి 1951 ఏప్రిల్ 1 దాకా పట్టింది. 1956లో తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాను వదిలి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో వికారాబాద్ జిల్లా పుట్టి కుల్కచర్ల అందులో చేరింది. ఇన్ని మారినా పల్లెలో ఒప్పందం అంటే ఇప్పటికీ ప్రామిసరీ నోటే. రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకమో వేలిముద్రో, కింద ఇద్దరు సాక్షులు. మూడేళ్లు దాటితే దావా చెల్లదు. అందుకే గడువు తీరకముందే షావుకారు వెయ్యో రెండు వేలో కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి, సంతకం పెట్టిస్తాడు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. పాత నోట్లు తిప్పి చూస్తే ముందువైపు ఒక్క సంతకం, వెనకంతా చెల్లు రాతలు.

తాండూరు నాపరాయి వ్యాపారానిది వేరు తీరు. బండలు పాలిష్ అయి లారీ ఎక్కి పొరుగు రాష్ట్రాలకు పోతాయి, డబ్బులు తీరిగ్గా వస్తాయి. 1989 ఏప్రిల్ నుంచి చెక్కు బౌన్సయితే నేరం. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలంటుంది 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. కానీ రేపూ సరుకు కొనవలసిన పార్టీ మీద ఫిర్యాదు చేసే గుండె ఎందరికుంది? 2020 సెప్టెంబరు నాటి ఒప్పంద సేద్యం చట్టమైతే రైతు, కంపెనీ తగువును సివిల్ కోర్టుకే పోనీయకుండా ఆర్డీవో చేతిలో పెట్టింది. గడి గుర్తొచ్చినవాళ్లను తప్పుపట్టలేం. 2021 నవంబరు ఆఖరుకు అది రద్దయింది.

2015లో వాణిజ్య కోర్టులు వచ్చాయి. 2018లో కోటి రూపాయల హద్దును 3 లక్షలకు దించి, అత్యవసర ఉత్తర్వు అక్కర్లేని దావాకు ముందు మధ్యవర్తి దగ్గర కూర్చోవాలన్నారు. 2021 డిసెంబర్ 18న హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం తెరుచుకుంది. కోట్ల తగువులకు అది. కుల్కచర్ల మనిషికి అందేది లోక్ అదాలత్. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఊళ్లో రాజీనామా అంటే ఉద్యోగం వదులుకోవడం. లోక్ అదాలత్‌లో రాసుకునే కాగితంలో ఆ మాటకు పాత అర్థమే నిలిచి ఉంది: ఇద్దరం రాజీ పడ్డాం అని.

బాకీ తీరినప్పుడు మాత్రం కాగితాలు అక్కర్లేదు. షావుకారు నోటు తీసి, స్టాంపు మీద సంతకం ఉన్న ముక్కను చింపి, మిగతాది చేతిలో పెడతాడు.