పానిపట్ ఆనవాళ్లు

పానిపట్ పట్టణానికి కొద్ది దూరంలో ‘కాలా ఆమ్’ అనే చోట ఒక స్మారక స్తంభం ఉంది. నెత్తురు ఇంకి నల్లబారిందని జనం చెప్పుకున్న మామిడి చెట్టు ఒకప్పుడు అక్కడ ఉండేది. 1761 జనవరి 14న అహ్మద్ షా అబ్దాలీకీ మరాఠాలకూ జరిగిన యుద్ధానికి నేల మీద మిగిలిన గుర్తు ఇంచుమించు అంతే.

మహారాష్ట్రలో మాత్రం ఆ యుద్ధం నేటికీ నాలుకల మీదే ఉంది. పని సమూలంగా చెడితే ‘పానిపత్ అయింది’ అంటారు. పీష్వా కుమారుడు విశ్వాసరావు అక్కడ నేలకూలినందున, నమ్మకం పోయిందనడానికి ‘విశ్వాసం పానిపట్‌లో పోయింది’ అనే శ్లేష పుట్టింది. ఆపద విరుచుకుపడితే ‘సంక్రాంతి కూలింది’ అనడమూ ఆ నాటిదేనని చాలామంది నమ్మకం. గణితం ప్రకారం ఆ ఏడాది సంక్రాంతి అంతకు మూడు నాలుగు రోజుల ముందే వచ్చి ఉండాలి. జ్ఞాపకం పంచాంగాన్ని సంప్రదించదు కదా!

ఓటమి కబురు సైతం వ్యాపారి లెక్కగానే పీష్వా నానాసాహెబ్‌కు చేరింది: రెండు ముత్యాలు కరిగిపోయాయి, బంగారు మొహరీలు పోయాయి, వెండి రాగి నాణేలకు లెక్కే లేదు. ఆ ముత్యాలలో ఒకటి ఆయన కొడుకు, రెండవది పినతండ్రి కొడుకు సదాశివరావు భావు. ఆ జూన్‌లోనే పీష్వా మరణించాడు.

ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చిత్రించే రాజకీయ ప్రసంగాలకు ఇబ్రహీం ఖాన్ గార్దీ అడ్డు తగులుతాడు. హైదరాబాదు నిజాం కొలువు నుండి వచ్చిన ఆ ఫిరంగిదళ నాయకుడు మరాఠాల పక్షాన చివరిదాకా పోరాడి, పట్టుబడి, చంపబడ్డాడు. అబ్దాలీ పక్షాన నిలిచిన అవధ్ నవాబు షుజాఉద్దౌలా సైన్యంలో నాగా గోసాయిలు ఉన్నారు. విశ్వాసరావు దేహానికి హిందూ సంప్రదాయంలో దహనం జరిగిందంటే ఆ నవాబు పట్టుదల వల్లనే.

బందీల కథ మరింత చిక్కైనది. బలూచిస్తాన్‌లోని డేరా బుగ్తీ ప్రాంతపు ముస్లిములు కొందరు తమను మరాఠా బందీల సంతతిగా చెప్పుకుంటారు. హర్యానాలోని రోడ్ కులస్థులలోనూ ఇటువంటి వాదమే ఉంది. పత్రాలు ఈ వంశావళులను నిర్ధారించవు. అయినా పదమూడు వేల రూపాయల జీతగాడి ఇంట్లోనూ పూర్వీకుల పేరు నిలుపుకోవాలన్న ఆరాటం ఉంటుంది. దానిని ఎగతాళి చేయడం చరిత్రకారుని పని కాదు.

భావు భార్య పార్వతీబాయి భర్త వెంట యుద్ధభూమికి వెళ్లి, ప్రాణాలతో పుణేకు తిరిగి వచ్చింది. భర్త మరణాన్ని ఆమె అంగీకరించలేదు, వైధవ్యం స్వీకరించలేదు. కొన్నేళ్లకు తానే భావునంటూ ఒకడు బయలుదేరాడు. వేలమంది అతని వెంట నడిచారు. అతడు వంచకుడని తేల్చి 1776లో మరణశిక్ష విధించారు. పార్వతీబాయి ఆ తరువాత కూడా ఎదురుచూస్తూ, 1783లో పుణ్యస్త్రీగానే కన్నుమూసింది.