పేపర్‌క్రీట్‌తో పొలం కట్టడాలు

పాత కాగితాల గుజ్జులో సిమెంటు, కొంత ఇసుక లేదా బంకమట్టి కలిపి అచ్చుల్లో పోసుకునే తేలికపాటి నిర్మాణ సామగ్రిని పేపర్‌క్రీట్ అంటారు. అమెరికాలో 1928లోనే దీనికి పేటెంటు వచ్చినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. సొంత చేతులతో ఇల్లు కట్టుకోవాలనుకున్నవాళ్లు 1980ల నుంచి న్యూమెక్సికో, కొలరాడో, టెక్సస్, అరిజోనా ప్రాంతాల్లో దీన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. వారిలో ఎరిక్ ప్యాటర్సన్, మైక్ మెక్‌కెయిన్ ఎవరికి వారుగా ఈ పద్ధతిని కనిపెట్టుకున్నారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, పాత కాగితం ఉచితం: ఆ ఎడారి నేలలో ఇది నిలదొక్కుకోవడానికి కారణాలివే.

తెలుగు ఇళ్లలో కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి చేటలకు పట్టించడం చూసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. అక్కడ మెంతుల జిగురు చేసే పనిని ఇక్కడ సిమెంటు చేస్తుంది.

కలపడానికి మెక్‌కెయిన్ ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం చూడముచ్చటైనది. పాత కారు వెనక ఇరుసు మీద పశువుల నీటితొట్టిని బిగిస్తారు. చక్రాలు తిరిగితే ఇరుసు మధ్యనున్న గేర్లు తొట్టి అడుగున అమర్చిన గడ్డికోత యంత్రపు బ్లేడును తిప్పుతాయి. నీళ్లు, కాగితం, సిమెంటు, ఇసుక వేసి ఆ బండిని ట్రక్కు వెనక కట్టుకుని కాస్త దూరం నడిపితే చాలు, గంజిలాంటి గుజ్జు తయారవుతుంది. వాడుకలో ఉన్న పాళ్లలో ఒకదాని ప్రకారం 600 లీటర్ల నీటికి సుమారు 27 కిలోల కాగితం, 30 కిలోల ఇసుక, ఒక బస్తా సిమెంటు పడతాయి. అమెరికా బస్తా 94 పౌండ్లు, అంటే సుమారు 43 కిలోలు. మన 50 కిలోల బస్తాతో ఈ పాళ్లు సరిపోవు. న్యూస్‌పేపరు, అట్టపెట్టెలు బాగా నానుతాయి, నిగనిగలాడే పత్రికల కాగితం అంత బాగా విడదు. సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతులకు తొడుగులు తప్పనిసరి.

అడుగు లేని చెక్క అచ్చుల్లో గుజ్జు పోస్తే నీరు చాలావరకు నేలలోకి ఇంకుతుంది. దిమ్మ గట్టిపడ్డాక అచ్చు తీసి, తర్వాత నిలువుగా నిలబెట్టి ఎండనిస్తారు. ఆరేకొద్దీ దిమ్మ కుంచించుకుపోతుంది. పూర్తిగా ఆరడానికి వారాలు పడతాయి. ఇక్కడ తొందరపడి పచ్చి దిమ్మలతో గోడ లేపితే అది తర్వాత కుంగి పగుళ్లిస్తుంది. ఆరిన దిమ్మను రంపంతో కోయవచ్చు, మేకు కొట్టవచ్చు, ఒక్కరే ఎత్తుకుపోవచ్చు. అతుకు వేయడానికీ అదే గుజ్జు పనికొస్తుంది.

కోళ్ల గూళ్లు, మేకల కొట్టాలు, పనిముట్ల గదులు, పంపుసెట్టు గదులు దీనికి తగిన కట్టడాలు. గుజ్జు ఆరాక మిగిలే సన్నని ఖాళీల్లో గాలి నిలవడం వల్ల వేడి, చలి లోపలికి అంత తేలిగ్గా దిగవు. అయితే బరువు మోయడంలో ఇది కాంక్రీటుకు ఏ రకంగానూ సాటిరాదు. అందుకని కర్ర లేదా ఇనుప స్తంభాల మీద కప్పును నిలిపి, వాటి మధ్య గోడగా మాత్రమే దీన్ని వాడటం మేలు.

అసలు శత్రువు నీరు. పూతలేని పేపర్‌క్రీట్ తడిని పీల్చుకుని బరువెక్కి మెత్తబడుతుంది, తేమ వదలకపోతే బూజు పడుతుంది. రాతి లేదా కాంక్రీటు పునాదిని నేలకు ఎత్తుగా లేపి దాని మీద గోడ కట్టాలి. చూరు బాగా ముందుకు రావాలి. బయట పూత వేయాలి, తడి ఎప్పుడైనా లోపలికి దిగినా మళ్లీ ఆరిపోయే దారి ఉండాలి. నెలల తరబడి వానపడే చోట దీన్ని బయటిగోడకు వాడటం తగదు. కప్పుగా పోయడం ఎక్కడైనా ప్రమాదమే.

నిప్పు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. సిమెంటు, ఇసుక తక్కువైన దిమ్మ భగ్గున మండదు గానీ, లోలోపల నిప్పు రాజుకుని నెమ్మదిగా పాకుతుంది, పైకి ఆరినట్టే కనిపిస్తుంది. కాబట్టి పొయ్యి గొట్టం గోడలోంచి పోయేచోట ఈ దిమ్మ బదులు ఇటుక వాడతారు. ఇక గోడకు ఎప్పుడైనా సన్న పగుళ్లు వస్తే కొత్త గుజ్జు కూరి, పైన మళ్లీ పూత వేస్తారు.